మా ఇంటిపేరు బొబ్బట్టు

పెంపుడు కుక్క పోయిన బాధ నుంచి ఎలా తేరుకున్నారు, చుట్టుపక్కలవాళ్లు అర్థం చేసుకున్నారా అని అడిగారు. మొదటిదానికి జవాబు: తేరుకోలేదు. రెండోదానికి జవాబు కాస్త పొడుగు. మధ్యలో నా సొంత గోల కూడా ఉంటుంది, ఓపిక ఉంటే చదవండి.

నేను ప్రేమకథలు రాస్తాను. అబ్బాయికీ అబ్బాయికీ మధ్య ప్రేమకథలు, తెలుగులో, ఒక కథల యాప్‌లో, మారుపేరుతో. పగలు అకౌంట్స్ ఉద్యోగం. కూకట్‌పల్లిలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో మావాడితో కలిసి ఉంటాను. 'మావాడు' అనే రాస్తాను. ఎందుకంటే ఇంకో మాట దొరకలేదు. భాగస్వామి అంటే చిట్‌ఫండ్ కంపెనీ గుర్తొస్తుంది. సహచరుడు అంటే చేతిలో ఎర్రజెండా ఉండాలి. ఇక మాలాంటివాళ్ల గురించి పేపర్లు వాడే ఆ పొడుగాటి మాట చదువుతుంటే ఎఫ్ఐఆర్ చదువుతున్నట్టే ఉంటుంది.

బొబ్బట్టు మావాడి కుక్క. మామూలు వీధికుక్క. పిల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా, పసుప్పచ్చగా, అక్కడక్కడా మాడినట్టు మచ్చలతో ఉండేదట, అందుకే ఆ పేరు. 2016లో నేను రెండు పెట్టెలతో ఆ ఫ్లాట్‌లో దిగేసరికి దానికి మూడేళ్లు. సోఫా దానిది, మంచంలో కిటికీ వైపు దానిది. కొత్తగా వచ్చినవాణ్ని నేను. నన్ను ఒప్పుకోడానికి దానికి నెల పట్టింది. మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

అపార్ట్‌మెంట్ వాళ్లు మొదట్లో మమ్మల్ని అన్నదమ్ములనుకున్నారు. పోలికలు కలవలేదు. బావా బావమరుదులనుకున్నారు, మధ్యలో ఆడపడుచెవరూ కనబడలేదు. తర్వాత ఒకే ఆఫీసనుకున్నారు. ఇద్దరికీ ముప్పై అయిదు దాటాక అనుకోవడమే మానేశారు. కానీ కూరగాయల బండి దగ్గర, నీళ్ల ట్యాంకర్ దగ్గర, మా సంగతి ఎత్తాలంటే ఏదో ఒకటి అనాలి కదా. అలా 'బొబ్బి వాళ్లు' అయ్యాం. బొబ్బి వాళ్లకి కొరియర్ వచ్చింది. బొబ్బి వాళ్ల బాత్రూమ్ కింద ఇంట్లోకి కారుతోంది. బొబ్బి వాళ్లు సంక్రాంతికి ఊరెళ్లలేదు.

నవ్వులాటగా చెప్తున్నానుగానీ ఒక్కసారి ఆలోచించండి. మా ఇద్దర్నీ కలిపి పిలిచే మాట చట్టంలో లేదు, మా చుట్టాల దగ్గర లేదు, మా ఆఫీసుల్లో లేదు. అది ఇచ్చింది ఆ కుక్క.

దాని వల్ల గొడవలు లేవని కాదు. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు కుక్కని లిఫ్ట్ ఎక్కించకూడదని నోటీసు అంటించారు. అలా ఆపే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసి ఆయన నోటీసు పక్కనే అంటించాను. రెండూ ఏడాదిపాటు పక్కపక్కన ఉన్నాయి, బొబ్బి లిఫ్ట్‌లో తిరుగుతూనే ఉంది. అదే లిఫ్ట్‌లో ఆయన మనవడు గుట్కా ఉమ్మితే నోటీసు లేదు. సరే, వదిలేయండి.

2023 చివర్లో బొబ్బి నీళ్లు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. చలికాలంలో ఇదేంటి అనుకున్నాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ 6.2 వచ్చింది. కుక్కల్లో అది 5 దాటితే కిడ్నీ జబ్బు నాలుగో దశ, దాని తర్వాత దశ లేదు. డాక్టరమ్మ ఇంట్లోనే సెలైన్ ఎక్కించడం నేర్పింది. మెడ వెనక తోలు గుడారంలా పైకెత్తి, సూది గుచ్చి, చర్మం కిందకి వదలాలి. కాసేపటికి భుజం మీద నీళ్ల బుడగలా ఉబ్బుతుంది, పూటలో అదే పీల్చుకుంటుంది. సీసా నేను పట్టుకునేవాణ్ని, సూది మావాడు. రెండు నెలలు మా రాత్రులన్నీ అవే. కర్టెన్ రాడ్డుకి సీసా వేలాడదీసి, కింద నేలమీద ముగ్గురం. అప్పుడు రాస్తున్న సీరియల్‌లో హీరోలిద్దరూ అరకులో వానలో తడుస్తున్నారు. నేను ఒక చేత్తో ఫోన్‌లో ఆ సీను టైపు చేస్తూ రెండో చేత్తో దాని కాలు పట్టుకున్నాను. నా కథల్లో పాఠకులు బాగా మెచ్చుకున్న ఎపిసోడ్ అదే. ఎవరికి చెప్పుకోను?

ఫిబ్రవరిలో ఒక మంగళవారం తెల్లారుజామున పోయింది. మావాడి ఒళ్లో. అంతకుమించి ఆ సంగతి రాయను.

ఆరింటికి నేను కిందకి వెళ్లి వాచ్‌మన్ అన్నకి చెప్పాను. ఆయన ఏడున్నరకల్లా అందరికీ చెప్పేశాడు. ప్రెసిడెంట్ గారు వాట్సాప్ గ్రూప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, దాని కిందే 'ట్యాంకర్ డబ్బులు ఇంకా ముగ్గురు ఇవ్వాలి' అని పెట్టారు. ఎవరో ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క కథ పంపారు. ఆ కథలో కుక్క చివరికి యమధర్మరాజని తేలుతుంది. చావింటికి ఓదార్పుగా యముణ్ని పంపడం ఏం తెలివో నాకర్థం కాలేదు.

పన్నెండింటికి తలుపు చప్పుడైంది. 302 ఆంటీ. ఏలూరు వైపు మనిషి, గట్టి మడి, బొబ్బి ఎదురొస్తే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గోడకి అతుక్కుపోయేది. చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. లోపలికొచ్చింది. ఎనిమిదేళ్లలో ఆవిడ మా గడప దాటడం అదే మొదటిసారి. టేబుల్ మీద క్యారియర్ పెట్టి, "చావింట్లో పొయ్యి వెలిగించకూడదు. చారూ అన్నం పెట్టాను, ఇద్దరూ తినండి" అంది. కూర్చోలేదు. వెళ్తూ వెళ్తూ మావాడి వైపు చూపించి, "అబ్బాయి రాత్రంతా నిద్రపోయినట్టు లేడు, ముందతనికి పెట్టు" అంది నాతో.

ఆవిడ అన్న రెండు ముక్కలు మళ్లీ చదవండి. 'చావింట్లో.' 'ముందతనికి పెట్టు.' మాది ఇల్లే అని, అందులో ఒకరి అన్నం సంగతి ఇంకొకరు చూసుకోవాలని మూడో మనిషి మాకు చెప్పడం అదే మొదటిసారి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మేం నేరస్తులం కాదంది, ఆ రోజు స్వీట్లు పంచుకున్నాం. 2023 అక్టోబర్ 17న అదే కోర్టు మీ పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలంది, ఆ రోజు మాట్లాడుకోకుండా పడుకున్నాం. నా మటుకు ఆ రెండింటికంటే ఆ చారే పెద్ద తీర్పు. లాయర్లెవరైనా ఉంటే క్షమించండి.

సాయంత్రం ఊరి చివర పెంపుడు జంతువుల దహనవాటికకి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు రసీదు పుస్తకం తీసి "ఓనర్ పేరు?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి ఎవరి పేరు వాళ్లం చెప్పాం. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒక పేరు, కామా, ఇంకో పేరు రాసి చింపి ఇచ్చాడు. మా అద్దె అగ్రిమెంట్‌లో కూడా నా పేరు లేదు. 2024లోనే, ఆ తర్వాత కొన్నాళ్లకి, మాలాంటివాళ్లు జాయింట్ అకౌంట్ తెరుచుకోడానికి అడ్డేమీ లేదని, రేషన్ కార్డుకి ఒకే కుటుంబంగా లెక్కేయొచ్చని కేంద్రం చెప్పింది. మేమింకా వెళ్లలేదు. మావాడికి బ్యాంకు క్యూలో నిలబడాలంటే తలనొప్పి. అందాకా మా ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం ఆ రసీదు ఒక్కటే. ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది.

ఆఫీసులో సెలవడిగితే, "కుక్క పోతే లీవా?" అన్నాడు మేనేజర్. కుక్కలకి ఏడవడం పట్నం షోకు, ఫారిన్ ఫ్యాషన్ అనే జాతి ఒకటుంది, మీ ప్రశ్న కింద కూడా తప్పకుండా వస్తారు. వాళ్లకి నా పాఠకురాలు ఒకావిడ పంపిన వాయిస్ మెసేజ్ వినిపించాలనుంది. సీరియల్ రెండు వారాలు ఆపుతున్నాను, మా కుక్క పోయింది అని రాస్తే పలకరింపులు కుప్పలుగా వచ్చాయి. నా పాఠకుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే, పిల్లల్ని బడికి పంపాక నా ఎపిసోడ్ చదువుకునేవాళ్లు. గుంటూరు దగ్గర పల్లె నుంచి ఒకావిడ చెప్పింది. వాళ్ల పాడిగేదె పాముకాటుకి చచ్చిపోతే వాళ్ల నాన్న పొలంలోనే గొయ్యి తీయించి, పసుపూ కుంకుమా వేసి పూడ్చి, మూడు రోజులు అన్నం ముట్టలేదట. "మా నాన్న షోకు మనిషి కాదన్నా, ఆయన రెండు చొక్కాలతో బతికాడు" అంది. ఈ కథలు రాసేది అబ్బాయిని ప్రేమించే అబ్బాయని తెలిసీ నన్ను అన్నా అంటుంది ఆవిడ.

ఇంకో వర్గం ఉంది. ఇలాంటి కథలకి విషాదాంతమే సహజం అనేవాళ్లు. ఇద్దరిలో ఒకడు చచ్చిపోతేనో, అమ్మాయిని పెళ్లి చేసుకుని వెళ్లిపోతేనో వాళ్లకి సాహిత్యం అయినట్టు. నేను చంపను. ప్రేమకథ రాస్తానని మాటిచ్చి చివర్లో పాడె కట్టేవాణ్ని నేను మోసగాడి కిందే లెక్కేస్తాను. బొబ్బి పోయాక ఆ మొండితనం ఇంకా పెరిగింది. అరకు సీరియల్‌లో హీరోల ఇంట్లో పసుప్పచ్చ కుక్క ఒకటి ఉంది. దానికి మూడేళ్లు. వంద ఎపిసోడ్లయినా మూడేళ్లే. లెక్క తప్పింది అని ఒకాయన కామెంట్ పెట్టాడు. అకౌంటెంట్‌కి లెక్క చెప్తున్నాడు.

నెల తర్వాత 302 ఆంటీకి క్యారియర్ తిరిగిచ్చాం. ఖాళీ గిన్నె ఇవ్వకూడదంటారు కదా, మావాడు యూట్యూబ్ చూసి సున్నుండలు చుట్టాడు. గోలీల్లా వచ్చాయి. ఆవిడ ఒకటి కొరికి చూసి, నోట్లోది పక్కకి నెట్టుకుని, "మీ ఇంట్లో రోజూ వంటెవరు?" అంది.

"నేనే ఆంటీ."

"మంచిది. అతన్ని పొయ్యి దగ్గరికి రానివ్వకు" అని తలుపేసుకుంది.