ఓల్డ్ కోర్స్‌లో ఆట గ్యారంటీ అన్నారు, ఇప్పుడు లాటరీ అంటున్నారు: అడ్వాన్స్ వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం, హైదరాబాద్‌లో ఉంటాం. మే నెలలో స్కాట్లాండ్ వెళ్లి సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ, నార్త్ బెర్విక్‌లలో గోల్ఫ్ ఆడాలని ఢిల్లీలోని ఒక టూర్ కంపెనీతో ప్యాకేజీ మాట్లాడుకున్నాం. మనిషికి 4,80,000 రూపాయలు. అందులో సగం, నలుగురికీ కలిపి 9,60,000 కట్టాం. ‘ఓల్డ్ కోర్స్ టీ టైమ్ గ్యారంటీ’, అంటే సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్ మైదానంలో ఆట మొదలుపెట్టే సమయం ఖాయం, అని వాళ్ల ప్రకటనలో ఉంది, వాట్సాప్‌లోనూ రాశారు. డబ్బు కట్టాక పంపిన షెడ్యూల్లో మాత్రం ‘బ్యాలట్‌కు లోబడి’, అంటే లాటరీలో వస్తేనే, అని ఉంది. రద్దు చేసుకుంటామంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబోమంటున్నారు. కోర్టుకు వెళ్లాలన్నా ఢిల్లీకే రావాలని షరతుల్లో ఉందట. మాలో ఇద్దరికి హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అధికారిక అంకె) లేదు, ఆ సర్టిఫికెట్ తామే ఇప్పిస్తామంటున్నారు. పైగా ఒకరికి వీసా తిరస్కరించారు. మేం ఏం చేయాలి?

జవాబు: ముందు తేలాల్సింది ఒక్కటే. ఆ కంపెనీ చేతిలో ఓల్డ్ కోర్స్ టీ టైమ్ నిజంగా ఉందా, లేదా? మీ కేసు బలం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

ఓల్డ్ కోర్స్ పక్కనే రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు భవనం ఉండటంతో కోర్సు కూడా వాళ్లదేనని చాలామంది అనుకుంటారు. అది ఏ క్లబ్బు సొత్తూ కాదు. ఆ సముద్రతీరపు నేల మీద ఆడుకునే హక్కు ఊరి జనానికి ఉందని 1552లోనే ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రం గుర్తించింది. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది 1974 నాటి బ్రిటిష్ పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్. టీ టైమ్ ఎవరికి, ఏ దారిలో ఇవ్వాలో ట్రస్టే నిర్ణయిస్తుంది. ఏ టూర్ కంపెనీ అయినా ఆ దారుల్లో ఒకదాని ద్వారా రావాల్సిందే.

ఆ దారులు ఇవి. మొదటిది బ్యాలట్: ఆడాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటలలోపు ఇద్దరి నుంచి నలుగురి వరకు పేర్లు ఇవ్వాలి. ఆ సాయంత్రమే డ్రా ఫలితం తెలుస్తుంది. రెండోది, ముందు ఏడాది వేసవి చివర్లో ట్రస్ట్ తీసుకునే ముందస్తు దరఖాస్తు. మూడోది, ఒంటరిగా వచ్చినవాళ్ల కోసం రోజూ తీసే డ్రా. దానికి ముందురోజు ఆ ఊళ్లో స్వయంగా పేరు ఇచ్చుకోవాలి. నాలుగోది, ట్రస్ట్ అధికారికంగా గుర్తించిన ఆపరేటర్లు బసతో కలిపి అమ్మే టీ టైమ్‌లు. ‘గ్యారంటీ’ అనే మాట ముందుగా వాడదగ్గది రెండో, నాలుగో దారుల్లోనే, అదీ ఖరారు పత్రం చేతికొచ్చాకే. మామూలుగా ఆదివారాలు ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. అందుకని షెడ్యూల్లో సెయింట్ ఆండ్రూస్‌కు శని, ఆదివారాలు కేటాయించి ‘బ్యాలట్ ప్రయత్నిస్తాం’ అని రాసి ఉంటే, ప్రయత్నానికి కూడా పెద్దగా చోటు లేదని అర్థం. మీ తేదీలు వారంలో ఏ రోజుల్లో పడ్డాయో ఇప్పుడే చూసుకోండి.

ఈ రోజే కంపెనీకి ఒక ఈమెయిల్ పంపండి. అందులో నాలుగే అడగండి: టీ టైమ్ ఏ తేదీన, ఏ గంటకు, ఏ గుర్తింపు పొందిన ఆపరేటర్ ద్వారా, ఎవరి పేర్ల మీద ఖరారైంది. జవాబుకు ఏడు రోజుల గడువు పెట్టండి. వాళ్లు ఒక ఆపరేటర్ పేరు చెబితే, ఆ పేరును ట్రస్ట్ ప్రకటించిన జాబితాతో పోల్చి చూడండి. అవసరమైతే ట్రస్ట్ రిజర్వేషన్ విభాగానికే నేరుగా రాసి అడగండి. ఢిల్లీ కంపెనీ స్కాట్లాండ్‌లోని గుర్తింపు పొందిన ఆపరేటర్ దగ్గర కొని మీకు అమ్ముతూ ఉండొచ్చు. అలాగైతే ఖరారు పత్రం చూపించడం వాళ్లకు రెండు నిమిషాల పని. చూపించలేకపోతే మీ దగ్గర తీసుకున్నది లాటరీ టికెట్టుకు గ్యారంటీ ధర.

రెండో వాయిదా గడువు దగ్గర పడుతుంటే ఊరుకోకండి. గడువు తప్పారన్న నెపంతో వాళ్లే రద్దు చేసి, తప్పు మీ మీదకు నెట్టే వీలుంది. గడువుకు ముందే ‘మీరు చెప్పిన టీ టైమ్ ఖరారు పత్రం ఇస్తే మిగతా మొత్తం చెల్లించడానికి సిద్ధం’ అని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇక చట్టం సంగతి. ఉన్నది ఒకటి, చెప్పింది మరొకటి అయి, ఆ మాట నమ్మి మీరు డబ్బు కట్టి ఉంటే, 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 18, 19ల ప్రకారం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీది. రద్దు చేసుకోకుండా, చెప్పినట్టే జరిపించమని పట్టుబట్టే హక్కు కూడా అదే సెక్షన్ 19 ఇస్తుంది. అయితే ఆ సెక్షన్లోనే ఒక మినహాయింపు ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే అవకాశం ఉన్నవాడు తర్వాత తప్పుడు మాట చెప్పారని ఒప్పందాన్ని రద్దు చేయలేడు. కంపెనీ లాయరు తప్పకుండా దీన్నే పట్టుకుంటాడు: బ్యాలట్ గురించి ట్రస్ట్ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా ఉంది కదా, మీరెందుకు చూడలేదు అంటాడు. దానికి మీ జవాబు గట్టిదే. గ్యారంటీ టీ టైమ్‌లు నిజంగానే అమ్ముతారని అదే వెబ్‌సైట్ చెబుతుంది. కాబట్టి ఈ కంపెనీ దగ్గర అవి లేవన్న సంగతి వెబ్‌సైట్ చూసినా తెలియదు. ఈ వాదనను లీగల్ నోటీసులోనే రాయించండి.

ఒక హెచ్చరిక. షెడ్యూల్లో ‘బ్యాలట్‌కు లోబడి’ అని చూశాక కూడా అభ్యంతరం చెప్పకుండా మిగతా డబ్బు కట్టి, వెళ్లి, ఆడి వస్తే, మారిన షరతును మీరు ఒప్పుకున్నట్టు వాదిస్తారు. అప్పుడు మొత్తం డబ్బు అడగడం కష్టం, ధరలో తేడా మేరకే పరిహారం అడగగలరు. రద్దా, కొనసాగింపా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకు ఇంకా దగ్గరి దారి. ప్రకటనలో ఒకటి చెప్పి మరొకటి ఇవ్వడం సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కూడా. ఢిల్లీ కోర్టులే అన్న షరతుకు భయపడనవసరం లేదు: సెక్షన్ 34(2)(డి) ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు వేయొచ్చు. ఈ చట్టం ఇచ్చే దారి మిగతా చట్టాలకు అదనమని సెక్షన్ 100 చెబుతుంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు) ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకుండా అది మిమ్మల్ని ఆపలేదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కనుక జిల్లా కమిషన్ చాలు. ఉండే ప్రాంతాన్ని బట్టి హైదరాబాద్ లేదా రంగారెడ్డి. 9,60,000 రూపాయలకు ఫీజు 200 రూపాయలే.

ఇక్కడ చాలా ఫిర్యాదులు తడబడే చోటు ఒకటుంది. ‘అడ్వాన్స్ తిరిగి ఇవ్వబోం’ అన్న షరతు అన్యాయమైనది, దాన్ని కొట్టేయండి అని జిల్లా కమిషన్‌ను అడగకండి. అన్యాయమైన ఒప్పందాల మీద విచారణాధికారం రాష్ట్ర కమిషన్ నుంచే మొదలవుతుంది (సెక్షన్ 47). జిల్లాలో ఆ మాట రాస్తే, అధికార పరిధి లేదన్న అభ్యంతరం మీదే నెలలు గడుస్తాయి. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు కారణాలతో డబ్బు వాపసు, వడ్డీ, పరిహారం, ఖర్చులు అడగండి. మీ వాస్తవాలకు అవి సరిపోతాయి.

నలుగురూ కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. కొద్దిమంది వినియోగదారులు ఉమ్మడిగా ఫిర్యాదు చేయడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదని 2021లో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందో చూడండి. మీలో ఎవరైనా తన కంపెనీ ఖాతా నుంచి కట్టి, ఇన్‌వాయిస్ కంపెనీ పేరు మీద తీసుకుని ఉంటే, అది వ్యాపార ప్రయోజనం కోసమేనని, అతను వినియోగదారుడే కాదని ఎదుటివాళ్లు వాదిస్తారు. క్లయింట్లను తీసుకెళ్తున్న టూర్ అయితే ఆ వాదనకు బలం కూడా ఉంటుంది. అలాంటి భాగం ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి.

వీసా రాని స్నేహితుడి సంగతి వేరు. వీసా తిరస్కరణ కంపెనీ తప్పు కాదు, ఆ ఒక్క కారణంతో మొత్తం వాపసు రాదు. అలాగని అడ్వాన్స్ అంతా మింగేయడానికీ లేదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 కింద, ఒప్పందంలో ఎంత రాసుకున్నా వాళ్లకు దక్కేది సమంజసమైన పరిహారం మాత్రమే. నష్టాన్ని లెక్కగట్టగలిగిన చోట దాన్ని రుజువు చేయాలని 2015లో కైలాష్ నాథ్ కేసు తీర్పు చెప్పింది. కాబట్టి హోటల్ రద్దు రసీదు, ఆ కోర్సులకు కట్టిన గ్రీన్ ఫీజు (ఆడటానికి కట్టే రుసుము) రసీదు చూపించమనండి. ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంటే చాలా బుకింగ్‌లకు రద్దు ఖర్చు తక్కువే ఉంటుంది. రెండు మంచాల గదిలో ఒకరు తగ్గితే పడే భారం మాత్రం న్యాయంగా అడగగలరు. ఇక అతను మళ్లీ వీసాకు దరఖాస్తు చేస్తే పాత తిరస్కరణను తప్పకుండా చూపించాలి. విజిటర్ వీసా తిరస్కరణపై మామూలు అప్పీలు లేదు; లోపాన్ని సరిదిద్ది మళ్లీ దరఖాస్తు చేయడమే దారి. అబద్ధం చెప్పినట్టు తేలితే పదేళ్ల వరకు బ్రిటన్ తలుపు మూసుకుపోవచ్చు.

హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ‘ఇప్పిస్తాం’ అన్న మాటకు మాత్రం అస్సలు తల ఊపకండి. ఓల్డ్ కోర్స్‌లోనూ, మ్యూర్‌ఫీల్డ్ లాంటి పాత క్లబ్బుల్లోనూ అది అడుగుతారు. ఆడి సంపాదించని హ్యాండిక్యాప్‌కు కాగితం తయారు చేస్తే అది ఫోర్జరీ, దాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 340 కింద వేరే నేరం. మొదటి టీ (ఆట మొదలయ్యే చోటు) దగ్గర వెనక్కి పంపితే కట్టిన ఫీజు పోతుంది, ఎవరినీ అడగలేరు. వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో కనీసం 54 హోల్స్ (మూడు పూర్తి ఆటల) స్కోర్లు సమర్పిస్తే హ్యాండిక్యాప్ ఇండెక్స్ మొదలవుతుంది. గోల్కొండలోని హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్‌లోనో, మీరు సభ్యులుగా ఉన్న మరో క్లబ్బులోనో ఇప్పుడే స్కోర్లు ఇవ్వడం మొదలుపెడితే మే నాటికి నిజమైనదే చేతికొస్తుంది. కంపెనీ ఆ మాట వాట్సాప్‌లో రాసి ఉంటే దాచి ఉంచండి. వాళ్ల తీరును రుజువు చేయడానికి అదే పనికొస్తుంది.

ఈ ఒప్పందం రద్దయ్యాక సొంతంగా ఏర్పాట్లు చేసుకోవాలనుకుంటే కొన్ని మాటలు. స్కాట్లాండ్‌లోని ఆపరేటర్ దగ్గర బసతో పాటు గోల్ఫ్ కలిపి కొంటే, బ్రిటన్‌లోని 2018 ప్యాకేజీ ట్రావెల్ నిబంధనలు మీకు వర్తించే వీలుంది. ధరలో గోల్ఫ్ వాటా నాలుగో వంతుకు తగ్గకుండా ఉన్నా, టూర్‌లో అదే ముఖ్యమైనా ప్యాకేజీగానే లెక్క. బ్రిటన్‌లో స్థాపించిన ఆపరేటర్ దివాలా తీస్తే మీ డబ్బుకు భద్రత చూపాలి. ఆ భద్రత ఏ రూపంలో ఉందో డబ్బు కట్టకముందే అడగండి. కోర్సు దగ్గర నేరుగా టీ టైమ్ కొంటే ఈ రక్షణ ఉండదు. ఆన్‌లైన్లో కొన్నాం కాబట్టి పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకోవచ్చన్నదీ తప్పే, ఫలానా తేదీకని బుక్ చేసే వినోద సేవలకు ఆ హక్కు లేదు. క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకు బాధ్యత వహిస్తుందంటూ తిరిగే సలహా అక్కడి 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 గురించి. అది మన బ్యాంకుల కార్డులకు వర్తించదు. మనకు ఉన్నది కార్డు నెట్‌వర్క్ చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి రప్పించే పద్ధతి) ఒక్కటే. ఇప్పుడు కట్టిన అడ్వాన్స్‌లో కొంతైనా కార్డు ద్వారా వెళ్లి ఉంటే ఈ వారమే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, దానికి గడువు ఉంటుంది. తేదీలు 2027కు మార్చుకునేట్టయితే, ఆ జులైలో ఓపెన్ ఛాంపియన్‌షిప్ సెయింట్ ఆండ్రూస్‌లోనే జరుగుతుంది. ఆ రోజుల్లో ఓల్డ్ కోర్స్ మీకు దొరకదు. మ్యూర్‌ఫీల్డ్ కలుపుకుంటే బయటివాళ్లను ఆడనిచ్చేది మంగళ, గురువారాల్లోనే.

ట్రావెల్ బీమాలో వ్యక్తిగత బాధ్యత, అంటే మీ బంతి ఎవరికైనా తగిలితే ఇచ్చే రక్షణ, ఉండేలా చూడండి. నిడ్రీ క్యాజిల్ కోర్సులో బంతి తగిలి ఒక ఆటగాడు కన్ను కోల్పోయిన కేసులో, 2013లో స్కాట్లాండ్ అప్పీలు కోర్టు పరిహారంలో 80 శాతం క్లబ్బు మీద, 20 శాతం బంతి కొట్టినతని మీద వేసింది. మొత్తం పరిహారం దాదాపు నాలుగు లక్షల పౌండ్లు. కారు మీరే నడిపేట్టయితే ఇంకో సంగతి: తాగి నడపడంలో స్కాట్లాండ్ హద్దు ఇంగ్లండ్ కన్నా తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. ఆట అయ్యాక క్లబ్‌హౌస్‌లో ఒక పెగ్గు తీసుకున్నా, తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ప్రకటన స్క్రీన్‌షాట్ తేదీ కనిపించేలా తీసుకోండి, వాళ్లు రేపే మార్చేయొచ్చు. వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్ మార్చకుండా ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) కింద, ఆ కాపీ నిజమైనదేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. వాళ్లు టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేసి ఉంటే అది ఎవరి పాన్ మీద జమైందో ఆదాయపు పన్ను పోర్టల్లో చూడండి. ఒక్కరే అందరి తరఫున కట్టి ఉంటే ఆ ఒక్కరి రిటర్న్‌లోనే సర్దుబాటు అవుతుంది, మిగతావాళ్ల లెక్క మీలో మీరు తేల్చుకోవాలి. ఈమెయిల్‌కు ఏడు రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఒప్పందం రద్దు చేస్తున్నట్టు చెబుతూ 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు స్పీడ్ పోస్ట్‌లో పంపండి. నోటీసు తప్పనిసరి కాదు, కానీ దాని తర్వాతే రాజీకి వచ్చే కంపెనీలు చాలా ఉంటాయి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేయండి. అప్పటికీ డబ్బు రాకపోతే ఈ-జాగృతి పోర్టల్లో ఫిర్యాదు దాఖలు చేయండి. ఎదుటివాళ్లకు నోటీసు అందాక 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజుల్లో వాళ్లు జవాబు వేయాలి. అంతకు మించి పొడిగింపు లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఉంది. మీకున్న గడువు రెండేళ్లు, ‘బ్యాలట్‌కు లోబడి’ అన్న షెడ్యూల్ మీ చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి.