టెక్ సందేహాలు: డబ్బు కడితేనే బాగుచేస్తానంటున్న ‘రిపేర్’ సాఫ్ట్‌వేర్

ప్రశ్న: 2011లో మా ఇంటి కంప్యూటర్‌లో ‘సిస్టమ్ రిపేర్’ అని ఒక విండో తెరుచుకుంది. హార్డ్ డిస్క్ పాడైంది, బాగుచేయాలంటే పూర్తి వెర్షన్ కొనమంది. ఆ తర్వాత డెస్క్‌టాప్ నల్లబడిపోయింది, ఫైళ్లన్నీ మాయమయ్యాయి. డిస్క్ పోయిందనుకుని అటకెక్కించేశాం. అందులో మా పెళ్లి ఫొటోలున్నాయి. ఇప్పుడు వాటిని తీయడం కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

కుదిరే అవకాశం చాలా ఉంది. అయితే ఆ కంప్యూటర్‌ని ఎవరికీ ‘ఫార్మాట్ చేసివ్వండి’ అని మాత్రం అప్పగించకండి. మీ ఫొటోలు అందులోనే, పెట్టినచోటే ఉండి ఉంటాయి.

మీరు చెప్పిన లక్షణాలన్నీ ఆ రోజుల్లో దేశదేశాల్లో తిరిగిన ఒక ట్రోజన్ (పనికొచ్చే ప్రోగ్రామ్‌లా నటిస్తూ దిగే వైరస్) కుటుంబానివి. మైక్రోసాఫ్ట్ దానికి ఫేక్‌సిస్‌డెఫ్ అని పేరు పెట్టింది. తెరమీద మాత్రం సిస్టమ్ రిపేర్, సిస్టమ్ ఫిక్స్, విండోస్ రికవరీ, డేటా రికవరీ అంటూ పేర్లు మార్చుకుంటూ కనిపించేది. హార్డ్ డిస్క్ నిజంగా పోయిందని నమ్మించడమే దాని పని. అందుకోసం అది ఫైళ్లను చెరిపేయలేదు, దాచింది. ప్రతి ఫైలుకీ ‘హిడెన్’ అనే గుర్తు తగిలించింది. స్టార్ట్ మెనూలోని షార్ట్‌కట్లను అక్కడి నుంచి తీసి, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లో ‘ఎస్ఎంటీఎంపీ’ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, అందులో 1, 2, 3, 4 అని అంకెలు వేసిన ఉపఫోల్డర్లలో పడేసింది. ఇల్లు ఖాళీ అయిందనుకుని అప్పట్లో చాలామంది తొందరపడ్డారు. ‘వైరస్ వచ్చింది కదా, ముందు టెంప్ ఫైళ్లు ఊడ్చేద్దాం’ అని ఏదో ఒక క్లీనర్ నడిపారు. దాంతో తిరిగి పెట్టుకోగలిగిన షార్ట్‌కట్లు నిజంగానే పోయాయి. ఈ రకం వైరస్ పట్టిన యంత్రంలో, దాచినవన్నీ బయటికి వచ్చేదాకా టెంప్ ఫోల్డర్ జోలికి వెళ్లకూడదని చెప్పేది అందుకే.

ఇక పని మొదలుపెడదాం. ఆ కంప్యూటర్‌ని ఆన్ చేయకండి. ఈ కుటుంబం తరచూ టీడీఎస్ఎస్ అనే రూట్‌కిట్‌నీ (కంటబడకుండా లోతున దాక్కునే వైరస్) వెంటబెట్టుకొచ్చేది. అది డిస్క్ మొదటి సెక్టార్‌లోనే కూర్చుని, విండోస్ కన్నా ముందే లేస్తుంది. ఆ డిస్క్‌తో కంప్యూటర్ బూట్ కాకపోతే దానికి లేచే దారే ఉండదు. పైగా ఇన్నేళ్లు అటకమీద ఉన్న పవర్ సప్లైని నమ్మి డిస్క్‌కి కరెంటు ఇవ్వడం కూడా మంచిది కాదు. కాబట్టి డిస్క్‌ని విప్పి బయటికి తీయండి.

డిస్క్ వెనక కనెక్టర్ చూడండి. సన్నగా, ‘ఎల్’ ఆకారపు గాడితో ఉంటే సాటా. రెండు వరుసల్లో పిన్నులు, వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటే ఐడీఈ. దానికి తగిన యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. డెస్క్‌టాప్ డిస్క్ 3.5 అంగుళాలది, దానికి 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి. ల్యాప్‌టాప్ డిస్క్‌ల కోసం అమ్మే ఉత్త కేబుల్ తగిలిస్తే అది తిరగదు, మీరేమో డిస్క్ చచ్చిపోయిందనుకుంటారు. పవర్ అడాప్టర్‌తో కలిపి వచ్చేదే అడిగి తీసుకోండి.

మంచి కంప్యూటర్ పూర్తిగా ఆన్ అయ్యాకే డిస్క్ తగిలించండి. విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. లోపలి నుంచి టిక్‌టిక్‌మని ఒకే లయలో శబ్దం వస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి. అది నిజంగానే యాంత్రిక లోపం, ఆ పని డేటా రికవరీ ల్యాబ్‌ది. శబ్దం లేకుంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేయించండి.

తర్వాత వ్యూ మెనూలో ‘షో’, అందులో ‘హిడెన్ ఐటమ్స్’ ఎంచుకోండి. అదే డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్, అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్, దాని లోపల పిక్చర్స్. పాత విండోస్ ఎక్స్‌పీ అయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ కింద వెతకాలి. అనుమతి లేదంటే ‘కంటిన్యూ’ నొక్కండి. ఫొటోలు వెలిసిపోయినట్టు మసకగా కనిపిస్తే సంతోషించండి, దాచి ఉన్న ఫైళ్లు అలాగే కనిపిస్తాయి. ఫొటోలు, వీడియోలు, పత్రాలు మాత్రమే కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, ఎల్ఎన్‌కే అని ముగిసే ఫైళ్లు ఒక్కటీ తేవద్దు.

కాపీ అయినవి కూడా దాగే ఉంటాయి. ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్కు తీయబోతే అది కదలకుండా బూడిదరంగులో ఉంటే, ఆ ఫైళ్లకి ‘సిస్టమ్’ గుర్తు కూడా తగిలించారని అర్థం. అప్పుడు ఆ కొత్త ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల విండోలో ఈ ఆజ్ఞను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి: యాట్రిబ్ (ఏ, టి, టి, ఆర్, ఐ, బి) -ఎస్ -హెచ్ *.* /ఎస్ /డి. ఒక్కో భాగానికీ నడుమ ఖాళీ వదలండి. సిస్టమ్ గుర్తును వదిలేసి ఒక్క -హెచ్ మాత్రమే ఇస్తే ‘సిస్టమ్ ఫైలుని మార్చడం లేదు’ అని మొరాయిస్తుంది. రెండూ కలిపి ఇవ్వాలి. దీన్ని కాపీ చేసుకున్న ఫోల్డర్‌లోనే నడపండి. సీ డ్రైవ్ మొదట్లో నడిపితే విండోస్ కావాలని దాచుకున్న ఫైళ్లన్నీ బయటపడి ఇల్లంతా చిందరవందర అవుతుంది.

ఫొటోలు రెండుచోట్ల భద్రపరిచాక ఆ డిస్క్‌ని పూర్తిగా తుడిచేయవచ్చు. ఆ పాత విండోస్‌ని బాగుచేసే శ్రమ వద్దు. విండోస్ 7కి కూడా మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది.

ప్రశ్న: ప్రింటర్ డ్రైవర్ కోసం వెతుకుతూ ఏదో డౌన్‌లోడ్ చేశాను. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ (విండోస్ 11) ఆన్ చేయగానే ‘1,200కు పైగా లోపాలు దొరికాయి, బాగుచేయడానికి డబ్బు కట్టండి’ అని ఒక ప్రోగ్రామ్ వస్తోంది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ వస్తోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

ఆ లోపాలు ఏమిటో చూస్తే భయం పోతుంది. బ్రౌజర్ కుకీలు, పాత టెంప్ ఫైళ్లు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) మిగిలిన ఖాళీ ఎంట్రీలు ఒక్కొక్కటీ ఒక్కో ‘లోపం’గా లెక్కేస్తారు. కొత్తగా కొన్న కంప్యూటర్‌లోనూ వందలు తేలతాయి. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. కంప్యూటర్ ఎలా ఉన్నా లోపాలున్నాయని చూపించి భయపెట్టి అమ్మారన్న ఆరోపణ మీద రెస్టోరో, రీఇమేజ్ అనే సంస్థలు 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. వాటికన్నా ముందు విన్‌ఫిక్సర్ లాంటివి అమ్మినవారి మీద అదే కమిషన్ 2008లో కేసు వేసింది. పేర్లు మారుతున్నాయి, పద్ధతి అదే.

తీసేసినా తిరిగి వస్తోందంటే ఒకటి కాక రెండు మూడు దిగాయన్నమాట. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి జాబితాను తేదీ ప్రకారం అమర్చండి. ఆ ‘డ్రైవర్’ దిగిన రోజున వచ్చినవన్నీ ఒకేచోట కనబడతాయి. మీకు తెలియనివి అన్నీ తీసేయాలి. తీసేటప్పుడు ‘సగం ధరకే ఇస్తాం’ అని ఒక విండో అడ్డొస్తుంది, అందులో ‘ఉంచండి’ బటన్ పెద్దగా రంగులో, ‘తీసేయండి’ అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివి నొక్కండి.

అన్‌ఇన్‌స్టాల్ మొండికేస్తే కారణం అది నడుస్తూ ఉండటమే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. దాని మీద రైట్ క్లిక్ చేసి ముందు ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కి ఏ ఫోల్డర్‌లో ఉందో రాసుకోండి, ఆ తర్వాతే ‘ఎండ్ టాస్క్’. చాలామంది ముందు ఎండ్ టాస్క్ కొట్టేసి, తర్వాత అది ఎక్కడుందో వెతుక్కుంటారు.

అప్పటికీ లేచి వస్తుంటే, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపై 4. అయితే ఈ పనికి ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది, సేఫ్ మోడ్ దారిలో ఆ 48 అంకెలు అడగవచ్చు. ఇంకో చిక్కు: సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ నడవదు. కాబట్టి కొన్ని ప్రోగ్రామ్‌లు అక్కడ అన్‌ఇన్‌స్టాల్ కావు. సేఫ్ మోడ్‌లో చేయాల్సింది దాని కాళ్లు కట్టేయడం: టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ యాప్స్‌లో డిసేబుల్ చేయండి, తర్వాత మామూలుగా ఆన్ చేసి, ప్రోగ్రామ్‌లను వేళకి నడిపించే టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో దాని పేరుతో ఉన్న పనుల్ని తొలగించండి. మళ్లీ మళ్లీ రావడానికి ఎక్కువసార్లు కారణం ఈ షెడ్యూలరే. ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఆపైన ఉచితంగా దొరికే యాడ్‌వ్ క్లీనర్‌తో ఒకసారి, విండోస్ సెక్యూరిటీలోని డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌తో ఒకసారి వెతికించండి. ఆఫ్‌లైన్ స్కాన్‌లో కంప్యూటర్ రీస్టార్ట్ అయి పావుగంటదాకా తీసుకుంటుంది, చేస్తున్న పని ముందే సేవ్ చేసుకోండి. డిఫెండర్ సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌క్లూజన్స్’ చూడటం మరవద్దు. అక్కడ మీరు పెట్టని ఫోల్డర్ ఉంటే తీసేయండి, ఎందుకంటే దాన్ని డిఫెండర్ కన్నెత్తి కూడా చూడదు. అక్కడే ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’లో అవాంఛిత యాప్‌లను అడ్డుకునే మీటను ఆన్ చేస్తే ఇలాంటివి చాలావరకు గుమ్మంలోనే ఆగుతాయి.

ఒక్క హెచ్చరిక. ఆ ప్రోగ్రామ్ పేరు కొట్టి ‘ఎలా తీసేయాలి’ అని నెట్‌లో వెతికితే, తీసేసే పద్ధతి చెబుతున్నట్టుగా ఉండి చివరికి ఇంకో డబ్బు కట్టే క్లీనర్‌ని అంటగట్టే పేజీలు బోలెడు వస్తాయి. ఒక జలగని వదిలించుకోబోయి ఇంకోదాన్ని ఎక్కించుకోవద్దు. ప్రింటర్ డ్రైవర్ ప్రింటర్ కంపెనీ సైట్ నుంచో విండోస్ అప్‌డేట్ నుంచో మాత్రమే తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి కంప్యూటర్‌లో తెర నిండా హెచ్చరిక వచ్చి, పెద్దగా సైరన్ మోగింది. అందులో ఉన్న నంబరుకి ఆయన ఫోన్ చేశారు. వాళ్లు ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) పెట్టించి, ఏవో లోపాలు చూపించి డబ్బు కట్టించుకున్నారు. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

కంప్యూటర్ సంగతి తర్వాత. ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే బ్యాంకుకి చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకి మళ్లకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం. లావాదేవీ నంబరు, సమయం, వాళ్ల ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు కూడా నమోదు చేయండి.

ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి, అదే కంప్యూటర్‌లో కూర్చుని మారిస్తే కొత్తవీ వాళ్లకే చేరవచ్చు. ఎనీడెస్క్ తీసేస్తే సరిపోదు. అల్ట్రావ్యూయర్, స్క్రీన్‌కనెక్ట్ లాంటి రెండో తలుపు పెట్టి వెళ్లే అలవాటు వీళ్లకుంది. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో వెతకండి, అకౌంట్స్‌లో ‘అదర్ యూజర్స్’ కింద కొత్త పేరుందేమో చూడండి. ఈమెయిల్‌లో ఫార్వార్డింగ్ పెట్టారేమో కూడా. వాళ్లు యంత్రంలో గంటల తరబడి ఉన్నారంటే ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేయించడమే నా సలహా.

నాన్నగారికి ఒక విషయం చెప్పండి, ఆయన మనసు కుదుటపడుతుంది. వాళ్లు నల్ల విండోలో ఒక ఆజ్ఞ కొట్టి, ‘888డీసీఏ60’తో మొదలయ్యే పొడవాటి నంబరు చూపించి ‘ఇది మీ కంప్యూటర్ లైసెన్స్, మా రికార్డులతో సరిపోయింది’ అని నమ్మించి ఉంటారు. ఆ నంబరు అన్ని విండోస్ కంప్యూటర్లలోనూ ఒకటే. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూపించే ఎర్ర గుర్తులూ అంతే, ఆరోగ్యంగా ఉన్న ప్రతి యంత్రంలోనూ ఉంటాయి. మోసపోవడంలో ఆయన తెలివితక్కువతనం ఏమీ లేదు, వాళ్లకి ఇదే వృత్తి.

మళ్లీ అలాంటి తెర వస్తే ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోమనండి. పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయాలి. తిరిగి తెరిచినప్పుడు ‘పాత పేజీలు తెరవాలా’ అంటే వద్దనాలి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు.

ప్రశ్న: జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాక పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ పోయి షార్ట్‌కట్ ఒకటే మిగిలింది.
– ఒక విద్యార్థిని, కర్నూలు

ఆ షార్ట్‌కట్‌ని నొక్కొద్దు, నొక్కితే వైరస్ మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది. మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉన్నాయి, కొన్నిసార్లు పేరే లేని ఫోల్డర్‌లో. ముందు డిఫెండర్‌తో స్కాన్ చేసి, పైన తెనాలి పాఠకురాలికి చెప్పిన యాట్రిబ్ ఆజ్ఞని పెన్‌డ్రైవ్ తెరిచి అక్కడే నడపండి. ఫైళ్లు కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. ఈసారి ప్రింట్ కోసం వెళ్లేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే ఉన్న వేరే పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి, ప్రాజెక్టు పనంతా ఉన్నది ఇంట్లోనే ఉంచండి.