ఎల్లో దగ్గరే పని అయిపోవాలి అల్లుడూ

అల్లుడూ,

గుంతకల్లులో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరినావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఇంజిన్ గురించి ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, నేను సిగ్నల్ దగ్గర స్పీడు గురించి మాత్రమే రాస్తున్నా. కొత్త పిల్లోళ్లు రెడ్‌ను చూసి టెన్షన్ పడతారు, కానీ రెడ్ కనిపించేసరికి నువ్వు చేయగలిగింది పెద్దగా ఏమీ మిగలదు. చేయాల్సిందంతా ఎల్లో దగ్గరే.

రెడ్ తప్ప మిగతా రంగులన్నీ ముందున్న సిగ్నల్ సంగతి చెప్తాయి. డబుల్ ఎల్లో అంటే దాన్ని తగ్గించిన స్పీడులో దాటడానికి రెడీగా ఉండమని, సింగిల్ ఎల్లో అంటే దాని దగ్గర ఆగడానికి రెడీగా ఉండమని. డబుల్ డిస్టెంట్ ఉన్న స్టేషన్లలో హోమ్‌కు, అంటే స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్‌కు, 2 కిలోమీటర్ల ముందు డిస్టెంట్, 1 కిలోమీటరు ముందు ఇన్నర్ డిస్టెంట్ అనే ముందస్తు సిగ్నళ్లు పెడతారు. లోడు గూడ్సుకు ఆగడానికి ఒక కిలోమీటరు చాలదు కాబట్టి ఈ ఏర్పాటు. ముద్దనూరు పక్క థర్మల్ స్టేషన్‌కు పోయే బొగ్గు రేక్‌నే తీసుకో. బ్రేక్ పైప్‌లో 5 కేజీల ప్రెజర్‌తో గాలి ఉంటుంది, బ్రేక్ వేస్తే ఆ గాలి ముందు ఇంజిన్ దగ్గర తగ్గి ఒక్కో వ్యాగన్ దాటుకుంటూ వెనక్కి పోవాల, అంతవరకూ వెనకవి ముందున్న వాటిని తోస్తూనే ఉంటాయి. స్పీడు రెట్టింపైతే ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది, ఇది మాత్రం ఎప్పుడూ మర్చిపోవద్దు. వదిలిన బ్రేక్‌ను వెంటనే మళ్ళీ వేయాల్సి వస్తే ఇంకా కష్టం, ఇంజిన్‌లో ముల్లు 5 చూపిస్తున్నా తోక దగ్గర గాలి ఇంకా నిండి ఉండదు.

డిస్టెంట్‌లో డబుల్ ఎల్లో పడగానే "లూప్‌లోకి, అంటే పక్క లైన్‌లోకి, తీసుకుంటున్నాడులే" అని తేల్చేయొద్దు. హోమ్ రెడ్‌లో ఉన్నా ఆ డిస్టెంట్ డబుల్ ఎల్లోనే చూపిస్తుంది, అసలు సంగతి ఇన్నర్ డిస్టెంట్ చెప్తుంది. రోజూ లూప్ ఇచ్చే స్టేషనే కదా అని అలవాటు మీద పోయినవాళ్లే ఇబ్బంది పడతారు. ఒకవేళ లూపే అయితే హోమ్‌లో ఎల్లోతో పాటు తెల్ల లైట్ల వరస వెలుగుతుంది, లైన్ మార్చే పాయింట్ల మీద ఎంత స్పీడు రాసి ఉంటే అంతే, సాధారణంగా గంటకు 15 లేదా 30 కిలోమీటర్లు. ఇంకోటి, స్టార్టర్ (స్టేషన్ నుంచి బయల్దేరనిచ్చే సిగ్నల్) దాటినాక 120 మీటర్లు ఖాళీ ఉంటేగానీ మనకు హోమ్ ఇవ్వరు. ఆ 120 మీటర్లు జారిపోవడానికి ఇచ్చిన జాగా అనుకునేరు, అది తప్పు జరిగితే ప్రాణాలు కాపాడటానికి.

తనంతట తానే బ్రేక్ వేసే కవచ్ ఉంది కదా మామా అంటావేమో. ఉంది, గుంతకల్లు నుంచి డోన్, కర్నూలు మీదుగా మహబూబ్‌నగర్ వైపు పోయే లైన్‌లో పెట్టినారు. స్లీపర్ల మీద ట్యాగులు, రేడియో, ఇంజిన్‌లో కంప్యూటర్ ఉంటాయి. స్పీడు పరిమితి కన్నా గంటకు 2 కిలోమీటర్లు ఎక్కువైతే అరుస్తుంది, 5 దాటితే బ్రేక్ మొదలు, 7కి ఫుల్ బ్రేక్, 9కి ఎమర్జెన్సీ. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య పరీక్షలో రైల్వే మంత్రి కూర్చున్న ఇంజిన్‌ను ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల ముందే అది ఆపింది. మంచి సామానే, కాదనను. కానీ లైన్‌లోనూ, నువ్వెక్కిన ఇంజిన్‌లోనూ రెండు చోట్లా ఉంటేనే పని చేస్తుంది, డ్యూటీ మారితే ఆ రెండూ కలవకపోవచ్చు.

ఇప్పుడు నీ పని. హ్యాండిల్ నీ చేతిలో ఉండదు, కళ్ళూ నోరూ ఉంటాయి. ప్రతి సిగ్నల్‌కూ చెయ్యి చూపించి గట్టిగా చెప్పు, లోకో పైలట్ తిరిగి చెప్పేదాకా ఆగు. ఆయన మీ నాయన వయసు మనిషే కావచ్చు, ఎల్లో దాటినా స్పీడు తగ్గకపోతే మొహమాటపడకుండా "సార్, సింగిల్ ఎల్లో" అని మళ్ళీ అను, ఇంకా తగ్గకపోతే నీ పక్కనున్న ఎమర్జెన్సీ బ్రేక్ వాడు. ఆ తర్వాత ఆయన తిట్టినా పడు. సిగ్నల్ ఆరిపోయి ఉంటే అది చూపించగల అన్నిటికన్నా గట్టి సంకేతం చూపినట్టే లెక్క.

లైన్ నేర్చుకునే ట్రిప్పుల్లో చిన్న నోటుబుక్ పెట్టుకో. ఏ స్టేషన్ డిస్టెంట్ ఏ కిలోమీటరు రాయి దగ్గర కనపడుతుందో, ఏది మలుపులో దాక్కుంటుందో, ఏది సాయంత్రం ఎండలో సరిగా కనపడదో రాసుకో. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి.

మీ మామ,
గుత్తి