అక్కడ యుద్ధం చేస్తే ఇక్కడ భద్రమేనా?

ప్రశ్న: శత్రువుతో వాళ్ళ గడ్డ మీదే పోరాడితే మన దాకా రాడని ఇరాక్ యుద్ధం రోజుల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ చెప్పేవారట. మా కాలేజీలో దీని మీద చర్చ పెట్టారు. ఆ మాటలో నిజముందా సార్? – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఇరాక్ విషయంలో లేదమ్మా. 2003 మార్చిలో దాడికి దిగకముందే, యుద్ధం వస్తే అల్‌ఖైదా ముప్పు ఇంకా పెరుగుతుందని బ్రిటన్ నిఘా అధికారులు బ్లెయిర్ ప్రభుత్వానికి చెప్పారు. ప్రభుత్వం ఆగలేదు. 2005 జూలై 7న లండన్‌లో మూడు భూగర్భ రైళ్ళలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది పోయారు. పేల్చిన నలుగురూ బ్రిటన్‌లో పెరిగిన కుర్రాళ్ళే. ఇరాక్ యుద్ధం తమ దేశపు యువకుల్లో కొందరిని ఉగ్రవాదం వైపు నెట్టిందని, అప్పట్లో బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5కి అధిపతిగా ఉన్న ఎలిజా మానింగ్‌హామ్ బుల్లర్ 2010లో ఇరాక్ యుద్ధంపై వేసిన విచారణ సంఘం ముందు చెప్పారు. ముందే తెలిసి కూడా జనాన్ని ఆ ప్రమాదంలోకి నెట్టారన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇరాక్‌లో జరిగింది ఇంకా ఘోరం. 2003 మేలో సద్దాం సైన్యాన్ని అమెరికా పాలనాధికారులు ఒక్క ఉత్తర్వుతో రద్దు చేశారు. ఆయుధం పట్టడం తెలిసిన లక్షలమంది జీతం, గౌరవం పోగొట్టుకుని రోడ్డున పడ్డారు. వాళ్ళలో కొందరు అధికారులు తర్వాత ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థలో పెద్ద స్థానాల్లో కనిపించారు.

అలాగని అన్ని యుద్ధాలనూ ఒకే గాటన కట్టను. అప్పటి కంబోడియా పాలకుడు పోల్‌పాట్ సేనలు సరిహద్దు దాటి వచ్చి వియత్నాం పల్లెల్లో జనాన్ని ఊచకోత కోశాయి. 1978 డిసెంబరులో వియత్నాం కంబోడియాలోకి వెళ్ళి, రెండు వారాల్లో ఆ ప్రభుత్వాన్ని కూల్చింది. అక్కడ ముప్పు నిజం, అది ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలుసు. అయినా ఆ వెంటనే ఫిబ్రవరిలో, పోల్‌పాట్‌కు అండగా ఉన్న చైనా వియత్నాం మీద పడింది. వియత్నాం సైన్యమేమో 1989 దాకా కంబోడియాలోనే చిక్కుకుపోయింది.

2001 సెప్టెంబరు 11 దాడి తర్వాత అమెరికాలో అంత పెద్ద దాడి మళ్ళీ జరగలేదు కదా అని చర్చలో ఎవరైనా అడుగుతారు. అఫ్ఘనిస్తాన్‌లో అల్‌ఖైదా శిబిరాలు చెదిరిపోవడం అందుకు ఒక కారణమని ఒప్పుకోండి. విమానాశ్రయాల్లో తనిఖీలు, నిఘా పెరగడం కూడా చెప్పండి. ఆపైన ఇరాక్ సంగతి ఎత్తండి. సెప్టెంబరు 11 దాడిలో ఇరాక్ సహకరించిందనడానికి ఆధారం దొరకలేదని అమెరికా నియమించిన కమిషనే 2004లో రాసింది.