రియాక్ట్ వచ్చినవాళ్లు సొంత బ్లాగుకు ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకోవాలి?

రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కొంత వచ్చు, సొంత వెబ్‌సైటులో తెలుగు బ్లాగు పెట్టుకోవాలి, వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లలో నెక్స్ట్ జేఎస్ మంచిదా, ఆస్ట్రోనా, డేటాబేస్ కూడా కావాలా అని అడిగారు. ఈ పని నేను రెండుసార్లు చేశాను. రాయడమే ముఖ్యమైతే ఆస్ట్రో తీసుకోండి, డేటాబేస్ వద్దు. కానీ ఫ్రేమ్‌వర్క్ కన్నా ముందు, మీ వ్యాసాలు ఏ రూపంలో దాచుకుంటారో తేల్చుకోండి.

మొదటిసారి నేను మామూలు రియాక్ట్ యాప్‌లాగే కట్టాను. వ్యాసాలు డేటాబేస్‌లో ఉండేవి, పేజీ తెరిచాక బ్రౌజర్ వాటిని తెచ్చుకునేది. నా లాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. ఓ స్నేహితురాలికి వాట్సాప్‌లో లింకు పంపితే మాత్రం ప్రివ్యూలో శీర్షికా లేదు, బొమ్మా లేదు. కారణం పట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా పోయింది. ప్రివ్యూ తయారుచేసే ప్రోగ్రాములు చాలావరకు జావాస్క్రిప్ట్ నడపవు, సర్వర్ మొదట పంపిన హెచ్‌టీఎంఎల్‌నే చదువుతాయి. నేను పంపుతున్న హెచ్‌టీఎంఎల్‌లో ఉన్నదల్లా ఒక ఖాళీ డివ్, అంటే లోపల ఏమీ లేని ట్యాగు! నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు కూడా కాసేపు తెల్ల పేజీయే కనిపించేదని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

ఆస్ట్రోలో (1.0 వెర్షన్ 2022 ఆగస్టులో వచ్చింది) బిల్డ్ చేసినప్పుడే, అంటే సైటు ఫైళ్లను ముందుగా తయారుచేసేటప్పుడే, ఒక్కో వ్యాసానికి పూర్తి పేజీ తయారైపోతుంది. మీరు కోరితే తప్ప కాంపోనెంట్ల (పేజీలోని విడివిడి భాగాల) జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌కు వెళ్లదు. నేర్చుకున్న రియాక్ట్ ఎక్కడికీ పోదు. సెర్చ్ బాక్స్‌ను రియాక్ట్‌లోనే రాసి 'క్లయింట్:విజిబుల్' (client:visible) అని తగిలిస్తే, పాఠకుడు అక్కడిదాకా స్క్రోల్ చేసినప్పుడే దాని కోడ్ లోడ్ అవుతుంది. నెక్స్ట్‌తోనూ ఇలా ముందే తయారైన స్టాటిక్ పేజీలు చేయొచ్చు. లాగిన్లు, ఒక్కొక్కరికి ఒక్కోలా మారే పేజీలు ఉంటే నేనూ అదే తీసుకుంటాను.

వ్యాసాలను మార్క్‌డౌన్ (చిన్న గుర్తులతో శీర్షికలు, లింకులు రాసే మామూలు టెక్స్ట్) ఫైళ్లుగా గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనంలో) పెట్టుకోండి. ఒక్కో వ్యాసానికి ఒక ఫైలు, పైన శీర్షిక, తేదీ, డ్రాఫ్టా కాదా అన్న వివరం. ఆస్ట్రోలో 'కంటెంట్ కలెక్షన్స్' అనే ఏర్పాటు ఉంది. ఏ ఫైల్లోనైనా తేదీ తప్పుగా పడితే బిల్డ్ అక్కడే ఆగి, ఫలానా ఫైలు అని చెబుతుంది. నన్ను ఎన్నిసార్లు కాపాడిందో! మార్క్‌డౌన్ మధ్యలో కాంపోనెంట్లు పెట్టుకునే ఎండీఎక్స్ చూస్తే ముచ్చటేస్తుంది కానీ, తప్పనిసరైన చోటే వాడండి. సైటు మార్చినప్పుడు మామూలు మార్క్‌డౌన్‌లో రాసిన వ్యాసాలు ఉన్నవున్నట్టు కొత్తదాంట్లోకి వచ్చేశాయి. కాంపోనెంట్లు పెట్టిన వ్యాసాలను ఒక్కొక్కటిగా కూర్చుని సరిచేయాల్సి వచ్చింది.

తెలుగు బ్లాగు కాబట్టి ఇంకో మూడు సంగతులు. రెడీమేడ్ థీముల్లో లైన్-హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) ఇంగ్లిష్ అక్షరాలను చూసుకుని పెట్టింది. అలాగే వదిలేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. నేను 1.8 పెట్టాక చదవడానికి హాయిగా ఉంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష 'టీఈ' (te) అని ఇవ్వడం కూడా మరవకండి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అది అవసరం. ఇక యూఆర్‌ఎల్. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, లింకును కాపీ చేస్తే చాలాచోట్ల అది 9 అక్షరాల పర్సెంట్ గుర్తుల వరసగా మారుతుంది. నాలుగు మాటల శీర్షిక కూడా మెసేజ్‌లో పేరాగ్రాఫంత అవుతుంది. అందుకే శీర్షిక తెలుగులో ఉంచి, యూఆర్‌ఎల్ ఇంగ్లిష్ లిపిలో చిన్నగా ఇవ్వండి.

డొమైన్ మాత్రం మొదటి రోజే సొంతది కొనండి. నేను ఉచిత సబ్‌డొమైన్‌తో మొదలుపెట్టి ఏడాది తర్వాత మారాను, అప్పటికి ఎవరెవరో ఇచ్చిన పాత లింకులన్నీ పోయాయి. సొంత డొమైన్ ఉంటే హోస్టింగ్ ఎన్నిసార్లు మార్చినా, పాత యూఆర్‌ఎల్‌ల నుంచి కొత్తవాటికి రీడైరెక్ట్ పెట్టుకోవచ్చు.