చలి పొద్దున్న బండి తీసేముందు

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ కొండమీద, అంటే ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచే వచ్చాయి. కింద సాలూరు, పార్వతీపురం వాళ్లకి ఈ బాధ తెలియదు, వాళ్లు జనవరిలో కూడా కిటికీ దించుకుని తిరుగుతారు. నేను పుట్టింది సాలూరు, బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నది కొండమీది సెమిలిగూడ. కాబట్టి కింది మెకానిక్కులు చేసి పంపే పనులూ తెలుసు, అవి ఇక్కడ పడే పాట్లూ తెలుసు.

ప్రశ్న: మాది 2021లో కొన్న పెట్రోలు కారు. పొద్దున్న ఆరున్నరకి డ్యూటీకి వెళ్లాలి. మా మామగారు నాకంటే ముందే లేచి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలేస్తారు. "ఇంజను కాగకుండా గేరు వేయకూడదు అల్లుడుగారూ" అంటారు. మా ఆవిడేమో పెట్రోలు దండగ అంటుంది. ఎవరి మాట వినమంటారు?
(సునాబెడ నుంచి ఒక ఉద్యోగి)

జవాబు: మీ ఆవిడ మాట వినండి. అలాగని మామగారి మాట తీసిపారేయకండి. ఆయన ఏ అంబాసిడరో నడిపి ఉంటారు. ఆ బండ్లలో పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బురేటరు ఉండేది. చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. చోక్ లాగి, ఇంజను కుదురుకునేదాకా యాక్సిలేటరు మీద కాలు ఆడిస్తూ కూర్చోవాలి. తొందరపడి గేరు వేస్తే గేటు దాటకుండానే ఆగిపోయేది. అప్పటి బండికి ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

మీ బండిలో ఆ పని కంప్యూటరు చూసుకుంటుంది. కూలెంట్, అదే ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు, ఎంత చల్లగా ఉందో సెన్సరు చెబుతుంది, దాన్నిబట్టి ఇంజెక్టరు పెట్రోలు కాస్త ఎక్కువ వదులుతుంది. రేపు పొద్దున్న స్టార్ట్ చేశాక, ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు చూడండి. మామూలుగా 800 దగ్గర ఉండేది 1200, 1300 దాకా లేచి నిలబడుతుంది. తర్వాత మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. మీరు బెల్టు పెట్టుకుని అద్దాలు సర్దుకునేలోపు ఆయిలు ఇంజను పైదాకా చేరిపోతుంది. ముల్లు దిగుతోందంటే బయల్దేరొచ్చు. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు 2500 దాటనివ్వకండి, అంతే. డాష్‌బోర్డులో నీలం రంగు థర్మామీటరు బొమ్మ వెలిగే బండి అయితే అది ఆరేదాకా కాలు తేలిగ్గా వేయండి.

నిలబెట్టిన ఇంజనుకి పని ఉండదు, పని లేనిదే వేడి పుట్టదు. మీరు నాలుగు కిలోమీటర్లు నడిపితే వచ్చే వేడి, పది నిమిషాలు నిలబెట్టినా రాదు. ఈలోగా ఎక్కువగా వదిలిన పెట్రోలు పూర్తిగా మండక, సిలిండరు గోడల మీదున్న ఆయిలు పొరని కడుగుతూ కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. అంటే ఏ ఇంజనుని కాపాడదామని మామగారు చలిలో లేస్తున్నారో, అదే అరుగుతోంది. ఇక గేరుబాక్సు, టైర్లు, షాకులు అయితే నిలబెట్టి ఎంతసేపు ఉంచినా వేడెక్కవు.

అసలు నేను అడగాల్సింది వేరే ఉంది. ఆయన బండి ఎక్కడ పెట్టి స్టార్ట్ చేస్తున్నారు? ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు వేసి, చలికి షట్టరు సగం దించుకునే ఇళ్లు మీ కాలనీల్లో చాలానే చూశాను. అలా అయితే ఇవాళే మానిపించండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు వచ్చి మనిషి అక్కడే కూలిపోతాడు. చల్లటి ఇంజనులో అది ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే సైలెన్సరు దారిలో ఉండి పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు వేడెక్కితేగానీ దాని పని అది చేయదు. షెడ్డులోంచి వంటింట్లోకి తలుపు ఉంటే మరీ ప్రమాదం. స్టార్ట్ చేసిన మరుక్షణం బండి బయటికి రావాలి. అలాగే రోడ్డు మీద ఇంజను ఆన్‌లో పెట్టి టీ కొట్టుకి వెళ్లేవాళ్లకి కూడా ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం, డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి లేకుండా బహిరంగ స్థలంలో ఇంజను ఆడుతున్న బండిని వదలకూడదు.

ప్రశ్న: వారానికి రెండుసార్లు పొట్టంగి నుంచి సాలూరు వెళ్తాను. తెల్లవారుజామున బయల్దేరితే సుంకి వచ్చేదాకా హీటరు వేడి గాలి ఇవ్వదు, కాళ్లు కొయ్యబారిపోతున్నాయి. కారు విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. హీటరు మార్చాలంటారా?
(పొట్టంగి నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: హీటరు జోలికి పోకండమ్మా. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, ఒకటి ఘాటీ, రెండోది విశాఖపట్నం.

ముందు ఘాటీ సంగతి. మీరు బయల్దేరడమే దిగుడుతో మొదలవుతుంది. గేరులో ఉన్న బండి దానంతట అదే దిగుతుంటే ఇంజను దాదాపు ఊరికే తిరుగుతుంది, యాక్సిలేటరు వదిలినప్పుడు ఇంజెక్టర్లు పెట్రోలే ఆపేస్తాయి. మంట లేనప్పుడు కూలెంట్ ఎలా కాగుతుంది? అదే బండి సాలూరు నుంచి పైకి ఎక్కేటప్పుడు కొద్దిసేపటికే హీటరు మండిపోతుంది చూడండి. దిగేటప్పుడు ఫ్యాను ఒకటి మీదే పెట్టండి. పూర్తిగా తిప్పితే ఉన్న కాస్త వేడీ పోతుంది. వేడి కోసమని గేరు తీసి న్యూట్రల్లో రేసు చేస్తూ దిగే మహానుభావులు ఉన్నారు. వాళ్ల బ్రేకులు వేడెక్కుతాయి, క్యాబిన్ వేడెక్కదు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, ఇంజను చల్లగా ఉన్నా సరే.

ఇక రెండోది. కింద ఎండలకి బండి హీటెక్కుతోందంటే కొందరు మెకానిక్కులు చేసే మొదటి పని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం. ఆ వాల్వు ఇంజను తగినంత కాగేదాకా నీళ్లని రేడియేటరులోకి పోనివ్వదు. చాలా బండ్లలో 80 డిగ్రీలు దాటాకే తెరుచుకుంటుంది. అది లేకపోతే చల్లటి ఇంజనులోని నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటరులో తిరిగి చల్లారుతుంటాయి. కింద తెలియదు. ఇక్కడ ఐదారు డిగ్రీల్లో తెలుస్తుంది. హీటరు రాదు, మైలేజీ పడిపోతుంది, టెంపరేచరు ముల్లు ఎప్పుడూ కిందే వేలాడుతుంది.

కనుక్కోవడం తేలికే. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఇంజను నుంచి రేడియేటరు పైభాగానికి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం మీద చెయ్యి పెట్టండి. చున్నీ, కొంగు ఫ్యాను బెల్టుకి దూరంగా ఉంచుకోండి. వాల్వు సరిగ్గా ఉంటే గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచే గోరువెచ్చగా మొదలై నెమ్మదిగా పెరుగుతుంటే వాల్వు లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. వాల్వు ఖరీదు పెద్దదేం కాదు. వేయించేటప్పుడు పాత నీళ్లు తీసి కూలెంట్ పోయించుకోండి. వేడి మీద రేడియేటరు మూత మాత్రం తిప్పకండి.

ప్రశ్న: దేవమాలి చూడటానికి వెళ్లి కింద ఊళ్లో రాత్రి ఉన్నాం. పొద్దున్న కారు అద్దం మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంది. హోటలాయన మరిగిన నీళ్లు తెచ్చి పోసేశాడు. అద్దం అంచు నుంచి మధ్యదాకా చీలింది. పక్కనే చెట్టు కింద పెట్టిన మరో బండికి ఏమీ పట్టలేదు. ఎందుకని?
(విజయనగరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అద్దం చీలింది వేడినీళ్లకే. సున్నా దగ్గరున్న అద్దం మీద మరిగిన నీళ్లు పోస్తే పైపొర వ్యాకోచిస్తుంది, లోపలి పొర అలాగే ఉంటుంది. దానికితోడు ఘాటీలో లారీ టైరు కింద నుంచి ఎగిరిన గులకరాయి తగిలి ఎక్కడో చిన్న చుక్క పడి ఉంటుంది. చీలిక అక్కడి నుంచే బయల్దేరుతుంది.

మీ రెండో ప్రశ్న నాకు నచ్చింది. గాలి నాలుగైదు డిగ్రీలున్నా మంచు పేరుకోవచ్చు. మబ్బు లేని రాత్రి కారు పైకప్పు, ముందు అద్దం తమ వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతాయి. అలా సున్నా కిందికి పోయిన అద్దం మీద గాలిలోని తేమ గడ్డకడుతుంది. చెట్టు కింద ఉన్న బండికి ఆకాశం కనపడదు, అందుకే తప్పించుకుంది. దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ, 1672 మీటర్లు. అక్కడికి వెళ్లేవాళ్లు ఒక పాత దుప్పటో, అట్టముక్కో ముందు అద్దం మీద కప్పి, అంచులు తలుపుల్లో బిగించి పడుకుంటే పొద్దున్న లాగి దులిపేయడమే.

పట్టేశాక అయితే ఇంజను స్టార్ట్ చేసి, గాలిని అద్దం వైపు తిప్పి, వేడిని కొద్దికొద్దిగా పెంచండి. పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో పైనుంచి కిందికి గీకండి. మామూలు నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కూడా చాలు, మన దగ్గర పట్టేది పలచని పొరే. వైపర్లు అద్దానికి అంటుకుని ఉంటే ముందు చేత్తో విడదీయండి. స్విచ్ వేస్తే రబ్బరు చిరుగుతుంది, లేదంటే మోటారు ఫ్యూజు పోతుంది. వెనక అద్దం మీద సన్నటి గీతలుంటే అవి కరెంటుతో వేడెక్కే తీగలు. లోపలి వైపు ఏదీ గీకకండి, తీగ తెగితే ఆ వరుస ఇక పనిచేయదు.

ప్రశ్న: పిల్లల్ని నలుగురిని ఎక్కించుకుని స్కూలుకి బయల్దేరితే రెండు నిమిషాల్లో అద్దాలన్నీ లోపల మసకబారిపోతున్నాయి. గుడ్డతో తుడుస్తూ నడపాల్సి వస్తోంది. ఏసీ వేస్తే పిల్లలు చలికి ఏడుస్తున్నారు.
(దమన్‌జోడి నుంచి ఒక గృహిణి)

జవాబు: ఏసీ వేయండి, దాంతోపాటే టెంపరేచరు నాబ్‌ని ఎర్ర వైపు తిప్పండి. రెండూ ఒకేసారి పనిచేస్తాయి. ఏసీ గాలిలోని తేమ పీల్చేస్తుంది, హీటరు ఆ పొడిగాలిని వేడిచేసి పంపుతుంది. గాలి లోపలే తిరిగే బటన్, అదే కారు బొమ్మలో వంకర బాణం ఉండేది, ఆపేయండి. ఐదుగురి ఊపిరి తేమ బయటికి పోవాలి కదా. మరీ చల్లటి పొద్దున్న కొన్ని బండ్లలో కంప్రెసరు తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు వెనక రెండు కిటికీలు వేలెడంత దించండి. కాళ్ల దగ్గర మ్యాట్లు తడిసి ఉన్నాయేమో కూడా చూడండి, అవి ఆరనంతకాలం ఈ మసక వదలదు. తుడవడం వల్ల చేతి జిడ్డు అంటుకుని ఇంకా త్వరగా పడుతుంది. ఆదివారం సబ్బునీళ్లతో లోపలి అద్దం శుభ్రంగా కడిగి ఆరబెడితే సగం బాధ పోతుంది.

ప్రశ్న: మా డీజిల్ జీపు పొద్దున్న పట్టాన స్టార్ట్ కాదు. డీజిల్ గడ్డకడుతోందని బంకులో ఒకాయన కిరసనాయిలు కలపమన్నాడు.
(సెమిలిగూడ నుంచి ఒక కూరగాయల వ్యాపారి)

జవాబు: కలపొద్దు. పంపు, ఇంజెక్టర్లు డీజిలు జిడ్డుతోనే బతుకుతాయి. కిరసనాయిలుకి ఆ జిడ్డు లేదు. మన దేశంలో చలికాలంలో అమ్మే డీజిలుకి పోర్ పాయింట్, అంటే ఇంకా చల్లబడితే పారడం ఆగిపోయే హద్దు, 3 డిగ్రీలకి మించకూడదన్నది ప్రమాణం. మన పొద్దుటి చలికి అది గడ్డకట్టి ఆగిపోవడం చాలా అరుదు. లద్దాఖ్‌లో అయితే నిజంగానే గడ్డకడుతుంది. అక్కడికోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిలు తెచ్చింది.

మీ జీపులో హీటరు ప్లగ్గులు, అదే స్టార్ట్ అయ్యేముందు ఇంజను లోపల వేడిచేసేవి, చూపించండి. తాళం తిప్పగానే స్ప్రింగు ఆకారంలో పసుపు లైటు వెలుగుతుంది, అది ఆరాకే స్టార్టరు కొట్టాలి. అసలు వెలగకపోతే ప్లగ్గులకి కరెంటు వదిలే రిలే పోయి ఉంటుంది. లైటు వెలిగినా ప్లగ్గులు కాలిపోయి ఉండొచ్చు, ఒక్కొక్కటీ మీటరు పెట్టి చూడాలి. బండి బీఎస్-6ది, అంటే కొత్త కాలుష్య నిబంధనల కింద తయారైనది అయితే స్టార్ట్ చేశాక నిలబెట్టి ఉంచకండి, సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, అది పూడుకుపోతుంది. ఇంజను ఆయిలు గురించి బెంగ వద్దు. 15డబ్ల్యూ-40 రకం ఆయిలు కూడా మైనస్ 20 దగ్గర ఇంజను తిరిగేలా పరీక్షించిందే.

ప్రశ్న: వారానికోసారి బండి తీస్తాను. చలికాలం రాగానే బ్యాటరీ టక్ టక్ మని ఆగిపోతోంది. ఇంటి ముందు పల్లం కాబట్టి గేరులో పెట్టి దొర్లించి స్టార్ట్ చేస్తున్నాను. నష్టమా?
(కోరాపుట్ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: ప్రమాదం సార్. ఇంజను ఆడనంతసేపు పవర్ స్టీరింగు ఉండదు. బ్రేకు కూడా ఒకటి రెండుసార్లు నొక్కేసరికి రాయిలా బిగుసుకుపోతుంది. పల్లంలో బండి పట్టుకోకపోతే కింద ఉన్నవాళ్ల మీదికే.

బ్యాటరీ ఎండాకాలంలో పాడవుతుంది, చలికాలంలో దొరికిపోతుంది. సున్నా దగ్గర దాని బలం మూడో వంతు దాకా తగ్గుతుంది, అదే సమయంలో చల్లటి ఇంజను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. రాత్రంతా ఆగాక మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. ఛార్జి చేయించి చూడండి, మళ్లీ రెండు రోజుల్లో పడిపోతే మార్చడమే. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే ముందు అది గీకించండి, కొన్నిసార్లు అంతకుమించి ఏమీ ఉండదు. వారానికోసారి బండి తీసినప్పుడు సందు చివరిదాకా వెళ్లి రావడం కాదు, జయపురం వైపు అరగంట తిప్పి రండి.

ప్రశ్న: చలికి పిల్లి బానెట్‌లోకి దూరుతోంది. ఏం చేయాలి?
(రాయగడ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: స్టార్ట్ చేసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు గట్టిగా కొట్టి, హారన్ వేసి, కాసేపు ఆగమ్మా. అయినా రాకపోతే బానెట్ ఎత్తి చూడు, బ్యాటరీ పక్కనో, ఫ్యాను వెనకో ముడుచుకుని ఉంటుంది.