నీ పట్టికలో బరువు ఎక్కడ?

చెల్లెమ్మా, నువ్వు పంపిన పట్టిక చూశాను. కొనాలనుకుంటున్న కుట్టు మిషన్లు ఏడు, ఒక్కోదానికి పన్నెండు గడులు. ఎన్ని రకాల కుట్లు వస్తాయి, తెర ఎంత పెద్దది, సూదిలోకి దారం దానంతట అదే ఎక్కుతుందా, నిమిషానికి ఎన్ని కుట్లు... అన్నీ రాశావు. మిషన్ బరువెంతో రాయలేదు. ఉత్తరం చివర మాత్రం “ఆయన పొద్దున వెళ్తే రాత్రికే వస్తారు, ఇంట్లో ఒక్కదాన్నే, అందుకే క్విల్టింగ్ మొదలుపెట్టాను” అన్నావు. క్విల్టింగ్ అంటే గుడ్డ ముక్కలు కలిపి, మధ్యలో దూది పెట్టి బొంత కుట్టడమే కదా. ఆ పట్టిక, ఈ మాట కలిపి చూస్తే నాకు అమెరికాలో నా మొదటి రెండేళ్ళు గుర్తొచ్చాయి. నిన్ను “నువ్వు” అంటున్నానని ఏమీ అనుకోకు, నాకంటే పాతికేళ్ళు చిన్నదానివి.

నా మొదటి తప్పు నాతోపాటే విమానం దిగింది. ఇండియాలో వాడిన కుట్టు మిషన్‌ను బల్ల విప్పేసి, మోటారుతో సహా దుప్పట్లలో చుట్టి తెచ్చుకున్నాను. సామాను బరువు, కస్టమ్స్ నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, అవి నువ్వే చూసుకో. ఇక్కడ ప్లగ్ పెట్టి పెడల్ తొక్కితే అది మూలిగిందే గానీ సరిగా తిరగలేదు. అక్కడ కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. కెమెరా ఛార్జర్ పనిచేసింది కదా, మిషన్ ఎందుకు పనిచేయదనుకున్నాను. ఛార్జర్ మీద 100–240 అని రాసి ఉంటుంది, నా మోటారు మీద అలా లేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్ళినవాళ్ళకు ఈ గొడవ లేదు, అక్కడా 230 ప్రాంతమే. మనలా అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళు మాత్రం వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి. 120 వోల్టుల మోటారును నేరుగా 230లో పెడితే కాలిపోతుంది. నేను ట్రాన్స్‌ఫార్మర్ కొని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. మిషన్ కంటే అదే ఎక్కువ చోటు పట్టింది.

ఆ విసుగులోనే రెండో తప్పు చేశాను. ఇంకెప్పుడూ మిషన్ కొనక్కర్లేకుండా ఒకేసారి పెద్దది కొనేద్దామనుకున్నాను. ఎంబ్రాయిడరీ ఉంది, అక్షరాలు కుడుతుంది, రెండు వందలకు పైగా డిజైన్లు. ఇన్నేళ్ళలో వాటిలో నేను వాడినవి రెండే, తిన్నటి కుట్టు, జిగ్‌జాగ్. బొంతకు ముక్కలు కలపాలంటే తిన్నటి కుట్టు చాలు. నీ పట్టికలో కుట్ల సంఖ్య ఉన్న గడిని కొట్టేయ్, నీ తలనొప్పి సగం తగ్గుతుంది.

ఆ మిషన్‌ను ఇద్దరు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దింపారు. దానితోపాటు నేనూ దిగాను. రెండు చలికాలాలు ఆ గదిలోనే గడిపాను. బయట చీకటి పడటం కూడా తెలిసేది కాదు. దారం తెగితే మిషన్‌ను తిట్టేదాన్ని, నాలుగు బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, బాగా వస్తే దాన్నే మెచ్చుకునేదాన్ని. ఆయన పైనుంచి “ఎవరితో మాట్లాడుతున్నావ్?” అని అడిగిన రోజు నాకే సిగ్గేసింది. దగ్గర్లోనే క్విల్టింగ్ గిల్డ్, అంటే బొంతలు కుట్టేవాళ్ళ సంఘం, ఉందని, నెలకోసారి అందరూ మిషన్లు తెచ్చుకుని కూర్చుంటారని తెలుసు. వెళ్ళలేదు. దాన్ని మెట్లెక్కించేదెవరు, కారులో పెట్టేదెవరు? పైకి అదే చెప్పేదాన్ని. కొత్తవాళ్ళ మధ్య నోరు విప్పాలంటే భయమన్నది అసలు కారణం. బరువైన మిషన్ రూపంలో ఆ భయానికి మంచి సాకు దొరికినట్టయింది. నీకు ఆ సాకు దొరక్కూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

చివరికి ఒక పొరుగావిడ తన పాత చిన్న మిషన్ ఒకటి నా చేతికిచ్చి, “ఇది పట్టుకుని రా” అంది. వెళ్ళాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నా బ్లాకులు చూసి అయిదు నిమిషాల్లో జబ్బు కనిపెట్టేసింది. రెండేళ్ళుగా నా బ్లాకుల మూలలు ఒకదానికొకటి కలిసేవి కావు. మిషన్‌దే తప్పనుకునేదాన్ని. గుడ్డ అంచును ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే పాదం) అంచుకు ఆనించి కుడుతున్నాను, ఆ ఫుట్ అంచేమో సూదికి పావు అంగుళం కంటే దూరంగా ఉంది. క్విల్టింగ్‌లో కుట్టుకు బయట వదిలే గుడ్డ పావు అంగుళమే ఉండాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వదిలితే, రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరసలో ఎనిమిది కుట్లుంటే ఏకంగా అంగుళం మాయం!

ఆవిడే పరీక్ష కూడా నేర్పింది. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కనే కుట్టి, ఇస్త్రీ చేసి మధ్య పట్టీని కొలువు. సరిగ్గా 1 అంగుళం రావాలి. తక్కువ వస్తే నువ్వు ఎక్కువ వదులుతున్నట్టు. మడతలో కూడా కాస్త గుడ్డ పోతుంది కాబట్టి పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువే కుట్టాలి. ఏ మిషన్ కొన్నా పావు అంగుళం ఫుట్ దానికి దొరుకుతుందో లేదో ముందు అడుగు.

ఇక మిషన్‌లో చూడాల్సినవి. పై గుడ్డ, మధ్య దూది, అడుగు గుడ్డ మూడూ కలిపి తిన్నగా కుట్టడానికి వాకింగ్ ఫుట్ (పై పొరను కూడా అడుగు పొరతోపాటే నడిపే పాదం) బిగించుకోగలగాలి, లేకపోతే పై పొర జరిగి ముడతలు పడుతుంది. పూలూ తీగలూ నీ చేత్తో తిప్పుకుంటూ కుట్టాలనుంటే సూది కింద గుడ్డను లాగే పళ్ళు కిందికి దిగాలి. కుట్టు ఆపినప్పుడు సూది గుడ్డలోనే దిగి ఉండే ఏర్పాటు ఉంటే మలుపుల దగ్గర హాయి. అంతే. బాబిన్ (అడుగు దారం చుట్టే చిన్న చక్రం) పైనుంచి పెట్టాలా, ముందునుంచి పెట్టాలా అని టెన్షన్ పడకు, రెండూ అలవాటవుతాయి. బాబిన్లు మాత్రం ఆ మిషన్‌కు చెప్పినవే వాడు. సూది 80 లేదా 90 నంబరు పెట్టుకుని, ఎనిమిది గంటలు కుట్టాక మార్చేయ్.

సూదికీ మిషన్ కుడి గోడకూ మధ్య జాగా ఎక్కువుంటే పెద్ద దుప్పటి సులువుగా తిరుగుతుందని నువ్వు రాసింది నిజమే. మామూలు మిషన్లలో అది ఆరేడు అంగుళాలు. నీ పట్టికలో రెండో వరసలో ఉన్న జూకీ టీఎల్-2010క్యూలో ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. మంచి మిషనే, తిన్నటి కుట్టు తప్ప ఏమీ కుట్టదు, అందుకే నాకు ఇష్టం. కానీ 11 కిలోల పైనే బరువు. రెండు చిన్న బొంతలు కుట్టిన నీకు అప్పుడే అంత జాగా ఎందుకు? పెద్దది కుట్టే రోజొస్తే ముక్కలుగా క్విల్ట్ చేసి తర్వాత కలపొచ్చు. నేను ఇప్పటికీ అలాగే కుడతాను. తేలిక మిషన్ వేగంగా తొక్కితే కాస్త ఊగుతుంది, బొంత బరువుకు గుడ్డ కిందికి లాగుతుంది. పక్కన బల్ల వేసి బరువు దానిమీద ఆనిస్తే సరిపోతుంది.

సింగర్ ఫెదర్‌వెయిట్ 221 అనే మిషన్ 1933లో వచ్చింది. 11 పౌండ్లు, అంటే 5 కిలోలు. తిన్నటి కుట్టు ఒక్కటే కుడుతుంది. దాని తయారీ ఆగి ఎన్నో ఏళ్ళయినా క్విల్టింగ్ వాళ్ళు ఇప్పటికీ వెతికి మరీ కొనుక్కుంటారు, పెట్టెలో పెట్టి చేత్తో పట్టుకుపోవచ్చు కాబట్టి. నువ్వు పాతదే కొనాలని కాదు, 7 కిలోలు దాటనిది ఏదైనా చూసుకో. డబ్బు సంగతి నీ లెక్క నీకు తెలుసు, నేను వేలు పెట్టను. వారంటీ షరతులు కంపెనీ కాగితంలో ఉంటాయి.

షాపుకు వెళ్ళేటప్పుడు నీ గుడ్డ ముక్కలు, నీ దారం, ఆ మూడు పట్టీలు తీసుకెళ్ళు. వాళ్ళు బిగువైన నమూనా గుడ్డ మీద కుట్టి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. కుట్టి చూశాక మిషన్‌ను పెట్టెలో పెట్టమని, నువ్వే ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళి రా. చూసేవాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ. మధ్యలో చెయ్యి మార్చుకోవాల్సి వస్తే అది వద్దు. నీ పట్టికలో ఎన్ని మార్కులొచ్చినా సరే, వద్దు. గిల్డ్ వాళ్ళు ఎప్పుడు కలుస్తారో ముందే కనుక్కుని, కొన్న వారంలోనే పట్టుకెళ్ళు. మొదటిరోజు నీకు మాట రాకపోయినా ఫరవాలేదు, మూలలు కలవని బ్లాకు ఒకటి బల్ల మీద పెట్టు, వాళ్ళే వచ్చి మాట కలుపుతారు.